జపానుదేశపు నరదేవతలు

పాణినీయమున చ్వి యను ప్రత్యయ మొకటి గలదు. వస్తువు పూర్వము లేని యవస్థను బొందునపుడే దానికిఁ బ్రాప్తి. మొదటినుండి తెల్లనైనదానిని గూర్చి శుక్లీభవతి యనరాదు. తెల్లనిది కానిది తెల్లనగునపుడే యనవలెను. కృధాతుయోగమున నొకరు చేయుటయు, భూధాతుయోగమునఁ దనంతన యగుటయు వేఱువేఱుగాఁ దెలియును. జపానుదేశమున మనుష్యులు దేవతలైన చరిత్రమును బరిశీలించువారికి నీ భేదము మిక్కిలి యుపకరించును. అచట నరుఁడు దేవుఁడగునా, దేవుఁడుగాఁ జేయఁబడునా?

జపానుభాషలో దేవతావాచకము కామి. దీనిని సంస్కృతదేవశబ్దమునకు సమానార్థకముగాఁ గొనరాదు. 1798లోఁ దన కొజికివ్యాఖ్యను ముగించిన మొతొఒరి నొరినాగ పండితుఁడు, అసామాన్యమై భయవిస్మయములు గొల్పునది యేదైనను కామియే యనియు, మనుష్యులు, మృగపక్షులు, వృక్షములు, సముద్రములు, పర్వతములు నందుఁ జేరుననియు, అది మంచిదే కావలెనను నియమము లేదనియు నిర్ణయించెను.

ఈ లక్షణమునకు ముఖ్యలక్ష్యము సుగవర నో మిచిజనె. ఇతఁడు 845లో జన్మించి, చీనాసాహిత్యమున మహాపండితుఁడై, 899లో మంత్రిపదవి నందెను. తొకిహిర మొదలగువారి యభియోగమున 901లో క్యూషూద్వీపమందలి దజైఫునకుఁ బంపఁబడి, 903లో నచటనే దుఃఖముతో మృతినొందెను. 909లోఁ దొకిహిర పోయెను. 923లో యువరాజు పోయెను. ఆస్థానమువారు భీతిల్లి మృతునకుఁ బూర్వపదవిని మరల నొసఁగిరి. 930లో రాజమందిరముపైఁ బిడుగు పడి కొందఱు కొలువుకాండ్రు మరణించిరి. దైగొచక్రవర్తియు నా యేఁడే గతించెను. 947లోఁ గ్యోతొనగరమునఁ గితనొదేవాలయము వెలసెను. 993లో నా దేవునకుఁ బ్రధానామాత్యపదవియు నీయఁబడెను. దేవునకు నుద్యోగోన్నతి గల్పించిన యాస్థానములు లోకమున నరుదు! అతని బిరుదమందలి దైజిజైపదము, బౌద్ధులు మహేశ్వరశబ్దమును జీనాభాషలోనికి మార్చిన రూపము. పిడుగులదేవుఁడు క్రమముగా విద్యాధిదేవత యయ్యెను. నేఁటికిని విద్యార్థులు పరీక్షలముందు నాతని సన్నిధికేఁగుదురు.

ఇట్లు పగతోఁ జచ్చినవారి యాత్మలను గొర్యో యందురు. వారికి 863లోనే యాస్థానము శాంతిపూజ జరపెను. కావున నీ దైవత్వము భయముచే జీవించియున్నవారు కల్పించినది. కృధాతువే యిచటఁ బ్రధానము.

చేయఁబడినదానిఁ జెఱపనువచ్చును. 1598లో గతించిన తొయొతొమి హిదెయొషి మఱుసటియేఁడే తొయొకుని దైమ్యోజిన్ అను పేర దేవుఁడయ్యెను. 1615లో నతని వంశము నశింపఁగా తొకుగవవారు బిరుదమును దీసివేసి యాలయమును మూయించిరి. కృతకమైనది యనిత్యమను తార్కికుల మాట కింతకంటె నుదాహరణము వలయునా? 1616లో గతించిన తొకుగవ ఇయెయసునకు మాత్రము, తెన్కై యను బౌద్ధాచార్యుని పట్టుదలచే, గొంగెన్ బిరుదము 1617లో లభించెను. గొంగెన్ అనఁగా బుద్ధాదులు లోకానుగ్రహార్థము దాల్చిన రూపము. అనఁగా నతఁడు మొదటినుండి దివ్యుఁడే. చ్విప్రత్యయమున కవకాశము లేదు. రాజ్యమేలువారికి నీ పక్షము హితమైనదని వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

ఈ విచారము దేవాలయములతో ముగియలేదు. ఆనిమే యనఁబడు జపానీయచలనచిత్రములయందును నరులు దేవతలగు కథలు పెక్కులు గలవు. వానిలో నెన్నఁదగినది, ఉరొబుచి గెన్ రచింపఁగా షిన్బొ అకియుకి దర్శకత్వమున 2011 జనవరి మొదలు పండ్రెండు భాగములుగాఁ బ్రసారమైన మదొకకథ. మార్చి 11వ తేది భూకంపముచే నాఁగిన చివరిభాగములు ఏప్రిలునఁ బ్రసారమయ్యెను.

అందు క్యూబె యను జంతువు బాలికలకు నొక్కొక్క కోరిక దీర్చి, ప్రతిగా వారి యాత్మలను రత్నములలో నుంచి పోరునకుఁ బంపును. నిరాశచే రత్నము నల్లఁబడఁగా నా బాలికయే మంత్రగత్తె యగును. తుదకు మదొక యను పాఠశాలబాలిక, భూతభవిష్యత్కాలములందలి మంత్రగత్తెల నెల్లఁ బుట్టకముందే తన చేతులతో రూపుమాపఁ గోరెను. ఆ కోరికచే నామె దేహము, పేరు, పుట్టుక సర్వమును లోకమునుండి తొలఁగి, ఆమె యొక నియమముగా మిగిలెను. దానికి ఎన్కన్ నో కొతొవరి యని పేరు, చక్రధర్మమని చెప్పఁదగును.

దీనిని గొందఱు బోధిసత్త్వుల ప్రతిజ్ఞతోఁ బోల్తురు. ఆ పోలిక యసంగతము గాదు గాని, కితనొకథ యింకను సన్నిహితము. మంత్రగత్తెలు గొర్యోల వంటివారే. నమ్మి మోసపోయి, దుఃఖము పగగా మాఱినవారు. ఆస్థానము పగ పుట్టిన పిదప నాలయము గట్టెను. మదొక పగ పుట్టకుండఁ జేసెను. బిరుద మిచ్చినవారు లేరు, కొలుచువారు లేరు. కన్నతల్లికే యామె పేరు తెలియదు. ఇది కేవలభూధాతువిషయము.

అయినను గథకుఁడు దేవతను స్మరించువారు లేకుండ విడువఁజాలకపోయెను. పసివాఁడైన తమ్ముఁ డిసుకలో నామె రూపమును వ్రాసి పేరు పలుకును. అకెమి హొముర యను స్నేహితురాలికి సర్వమును జ్ఞాపకముండును. 2013లో వెడలిన చలనచిత్రమున నామెను నియమమునుండి పెఱికి మరల మనుష్యబాలికగాఁ జేసినది శత్రువు గాదు, ఆ హొమురయే.