శాలువాతో తీరే రుణం కాదు

నూజివీడు నుంచి వచ్చే దారి, గుడివాడకు పోయే దారి విజయవాడ–ఏలూరు రహదారిని కలిసే చోట హనుమాన్ జంక్షన్ వెలిసింది. ఒకవైపు మెట్ట పల్లెలు, మరోవైపు కాలువల కింది మాగాణి ఊళ్లు. ఈ ప్రాంతపు పల్లె యువతకు లోకజ్ఞానం, సభ నడిపే నేర్పు, నలుగురితో కలిసి పనిచేసే అలవాటు ఎలా అబ్బాయని అడిగితే బడుల పేర్లు, కాలేజీల పేర్లు, పార్టీల పేర్లు చెబుతారు. ఆ జాబితాలో గ్రంథాలయోద్యమానికి దక్కాల్సిన స్థానం దక్కలేదు. జీతం భత్యం లేకుండా ఏళ్ల తరబడి ఊరి పఠన మందిరం తలుపు తీసిన కార్యకర్తలకైతే అసలు చోటే లేదు. వారి పనిని చరిత్రకెక్కించడం, ఆ పనిని తర్వాతి తరం చేతికి అప్పగించడం, ఈ రెండూ జరిగినప్పుడే వారిని గౌరవించినట్టు. మనం ఈ రెండింటినీ వదిలేసి సన్మాన సభలతో సరిపెట్టుకున్నాం.

గ్రంథాలయోద్యమాన్ని యువజన కార్యక్రమం అనడం అతిశయోక్తి అని కొందరికి అనిపించవచ్చు. అందులో పుస్తకాలు తప్ప ఏమున్నాయని అడగవచ్చు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. దాన్ని నడిపించిన అయ్యంకి వెంకట రమణయ్య పుట్టింది 1890లో. అంటే అప్పటికి పాతికేళ్లు కూడా నిండని యువకుడు. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనాన్ని నెలకొల్పింది అక్కడి హిందూ యువజన సంఘం. ఊళ్లో చందాలు పోగుచేయడం, లెక్కలు రాయడం, పత్రిక చదివి చదువురాని వారికి వినిపించడం, రాత్రి బడి నడపడం, వార్షికోత్సవానికి వక్తలను పిలిపించడం కుర్రవాళ్ల పనులయ్యాయి. పుస్తకం ఈ పనులన్నిటికీ ఆధారం. పదిమంది సొమ్ముకు జవాబుదారీగా ఉండడం వారు నేర్చుకున్నది అక్కడే.

ఆ శిక్షణ ఎంత దూరం వెళ్లిందో పాతూరి నాగభూషణం జీవితమే చెబుతుంది. గుంటూరు జిల్లా పెదపాలెంలో ఊరి గ్రంథాలయం నుంచి మొదలుపెట్టిన ఆయన, 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. డెల్టాలో కాలువే రహదారిగా ఉన్న రోజులవి. ధాన్యం వెళ్లే దారిలోనే పుస్తకాన్నీ పంపాలన్న ఆలోచన ఊరి జీవితం తెలిసినవాడికే తడుతుంది. తర్వాత విజయవాడ కేంద్రంగా రాష్ట్ర గ్రంథాలయ సంఘ బాధ్యతలు మోసి, గ్రంథాలయ పనిలో యువతకు శిక్షణ ఇచ్చే ఏర్పాట్లు చేశారు. కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తికవాది గోరా 1940లో నాస్తిక కేంద్రం పెట్టి వయోజన విద్య, కులనిర్మూలన పనులు చేపట్టారు. ఆయన్ను పిలిచి చోటిచ్చింది ఆ ఊరివాళ్లే. పల్లెకు బయటి నుంచి పథకం వచ్చి వాలడానికి ముందే, పల్లెలో దాన్ని అందిపుచ్చుకునే చేతులు సిద్ధంగా ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఆ చేతులు ఏమయ్యాయి? 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఇంటి పన్ను మీద గ్రంథాలయ పన్ను ఏర్పడింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, జీతాల సిబ్బంది వచ్చారు. ఇది ఉద్యమం సాధించిన విజయమే. చందాల మీద ఆధారపడిన సంస్థ ఒక్క కరువు సంవత్సరానికే మూతపడుతుంది కాబట్టి ప్రజాధనం రావడం అవసరం. అయితే స్వచ్ఛంద కార్యకర్తకు ఆ కొత్త ఏర్పాటులో పేరూ హోదా ఉన్న స్థానం లేకుండా పోయింది. ఊరిలో ఒకరు స్వల్ప గౌరవ వేతనంతో నడిపే పుస్తక నిక్షేప కేంద్రాల్లో పాత స్ఫూర్తి కొంత మిగిలింది, అంతే.

ప్రభుత్వ వ్యవస్థ, స్వచ్ఛంద సేవ రెండూ కలిసి సాగలేవా అంటే, సాగిన చోటు ఉంది. బెజవాడ సభ జరిగిన 1914లోనే అమెరికాలో స్మిత్–లీవర్ చట్టం వచ్చింది. పల్లె పిల్లలకు మొక్కజొన్న సాగు, దూడల పెంపకం నేర్పే క్లబ్బులు, తర్వాత ఫోర్ హెచ్ పేరుతో స్థిరపడినవి, ఆ చట్టంతో ప్రభుత్వ విస్తరణ సేవలో భాగమయ్యాయి. జీతం తీసుకునే ఉద్యోగి వచ్చాడు, కానీ క్లబ్బు నడిపే బాధ్యత ఊరి స్వచ్ఛంద నాయకుల దగ్గరే ఉంది. ఐదేళ్లు, పదేళ్లు, పాతికేళ్లు సేవ చేసినవారిని ఏళ్ల లెక్కన గుర్తించి సత్కరించే ఆనవాయితీ అక్కడ నిలిచింది. మన దగ్గర అయ్యంకికి పద్మశ్రీ వచ్చింది 1972లో, తొలి మహాసభ జరిగిన 58 ఏళ్లకు. ఆయనకే అంత ఆలస్యమైతే ఊరి గ్రంథాలయ కార్యదర్శికి ఎవరు లెక్క రాస్తారు?

సేవకు ప్రతిఫలం కోరకూడదనీ, పేరు చెక్కిస్తే సేవ చిన్నబోతుందనీ అనేవారున్నారు. సేవ చేసినవారు అలా అనుకోవడం వారి ఔన్నత్యం. దాని ఫలం అనుభవించిన ఊరు అదే మాట అంటే అది బాధ్యత తప్పుకోవడం. పైగా గుర్తింపు అవసరం చేసినవారి కన్నా చేయబోయేవారికే ఎక్కువ. ఊరికోసం ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి పేరు ఎక్కడా కనిపించకపోతే, అలాంటి పని ఒకటి ఉందనే కుర్రవాడికి తెలియదు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. చాలా ఊళ్లలో పఠన మందిరం భూవసతి ఉన్న కులాల వీధిలోనే ఉండేది. దాని తలుపులు అన్ని వాడలకూ ఒకేలా తెరుచుకోలేదు. ఇది నిజం, దాచకూడదు. అందుకే పొగడ్తల సన్మాన పత్రం కన్నా నిజాయితీగా రాసిన చరిత్ర మేలంటాను. ఎవరు తలుపు తీశారో, ఎవరికోసం తీయలేదో, దళితవాడలో రాత్రి బడి పెట్టినవారెవరో అన్నీ అందులో ఉండాలి. అలా రాస్తేనే ఇంతకాలం పెద్దల జాబితాలో చేరని కార్యకర్తల పేర్లు బయటికి వస్తాయి.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఏటా నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ప్రతి గ్రంథాలయం, ప్రతి యువజన సంఘం ఆ వారంలో తమ ఊరి పాత మినిట్స్ పుస్తకాలు, చందా రసీదులు వెతికించాలి. పెద్దలను అడిగి పేర్లు, పనిచేసిన ఏళ్లు రాయించి గోడమీద పెట్టాలి. బతికి ఉన్న ప్రతి పాత కార్యకర్తకూ ఇద్దరు యువకులను తోడుగా నియమించి, గ్రంథాలయ కమిటీలో వారికి బాధ్యత అప్పగించాలి. శాలువా కప్పాలనుకుంటే ఆ తర్వాత కప్పవచ్చు.