ప్రదర్శనశాలయు జాతి పాఠమును



చెన్నపట్టణమున 1851వ సంవత్సరమున నేర్పడి, పిదప ఎగ్మూరునకు మారిన ప్రదర్శనశాలను మన పెద్దలు ‘చచ్చిన కాలేజీ’ యనెడివారు. జంతువులశాల వారికి ‘బ్రతికిన కాలేజీ’. ఈ పేరు పరిహాసముగా దోచినను అందొక సత్యము గలదు. ప్రదర్శనశాలయు నొక పాఠశాలయే. అచ్చట గాజుపెట్టెయే యుపాధ్యాయుడు. పెట్టెలో నేది యుంచిరో, దానిక్రింద నేమి వ్రాసిరో, అదియే పిల్లవాని మనస్సున నాటుకొనును.

ఇది నాకనుభవమున దెలిసినది. చాలకాలము క్రిందట తలుపుల ప్రాంతపు బాలురను గొందరిని వెంటబెట్టుకొని యొక ప్రదర్శనశాలకు బోయితిని. అందు అద్దాల వెనుక నొక సుగాలి స్త్రీ ప్రతిమ. దాని ప్రక్కనే గడ్డి నింపిన యెలుగుబంటి. తండానుండి వచ్చిన బాలుడొకడు చాలసేపు నిలిచి చూచి, “అయివారూ, ఈమె మా అవ్వ మాదిరే ఉండాది. ఎలుగ్గొడ్డు పక్కన ఎందుకు పెట్నారు?” అని యడిగెను. నేనప్పుడు మారు పలుకలేకపోతిని. ఆ ప్రశ్నకు నేడు సమాధానము చెప్ప బ్రయత్నింతును.

ఎగ్మూరు ప్రదర్శనశాలకు 1885 మొదలు 1908 వరకు ఎడ్గార్ థర్‌స్టన్ దొర పర్యవేక్షకుడు. ఆయన దక్షిణదేశపు కులములవారి తలలను, ముక్కులను పరికరములతో గొలిచెను. ముక్కు వెడల్పును నూటితో గుణించి పొడవుచే భాగింపగా వచ్చు నంకెను బట్టి మనుష్యుల జాతి దెలియునని యానాటి నమ్మకము. ఆ యంకె హెచ్చినకొలది కులగౌరవము తగ్గునని రిస్లీ దొర వాదించెను. థర్‌స్టన్, రంగాచారి గార్లు 1909లో వెలువరించిన యేడు సంపుటములలో నాచారవ్యవహారముల వివరములు విలువైనవే; కాని కొలతలపై గట్టిన సిద్ధాంతము నిలువలేదు. ముక్కు ఆకారమున శీతోష్ణస్థితులకును బాలు గలదని తరువాత దెలిసినది. మనుష్యులలోని జన్యుభేదములలో నూటికి 85 పాళ్లు ఒక్కొక్క జనసమూహము లోపలనే యున్నవని 1972లో లెవంటిన్ పండితుడు లెక్క తేల్చెను.

విచిత్రమేమన, థర్‌స్టన్ దొర కాలముననే, 1904లో, ఆ ప్రదర్శనశాలకే వేరొక సంపద చేరినది. అది రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర సేకరించిన రాతి పనిముట్లు. 1863 మే 30వ తేదీన పల్లావరమున నాయనకొక రాతి గొడ్డలి దొరికెను. 1884లో మన బేతంచెర్ల దాపున బిల్లసర్గం గుహలను ద్రవ్వించినదియు నాయనయే. ఆయన గుర్తించిన అత్తిరంపాక్కమునందలి పనిముట్లు 15 లక్షల యేండ్ల నాటివని 2011లో నిర్ణయమైనది. వానిని జేసినవారు మనకంటె బూర్వపు మానవులు. మనవంటి మానవులు సుమారు 3 లక్షల యేండ్ల క్రిందట ఆఫ్రికాఖండమున బుట్టి, క్రమముగా లోకమంతట వ్యాపించిరి. ఆ రాతి గొడ్డలికి కులము లేదు. అది చేతిని, ఆ చేతిలోని నేర్పును మాత్రమే చెప్పును.

మన భాషలో ‘జాతి’ యను మాటకు కులమనియు, తెగయనియు, దేశీయులనియు నర్థములు పెనగొనియున్నవి. బాలురకు చిక్కు ఇచ్చటనే. మేము చదివిన తర్కమున, పెక్కు వ్యక్తులయందు సమానముగ నుండు ధర్మమే జాతి; కుండలన్నిట ఘటత్వమువలె నరులందఱియందును మనుష్యత్వము. నేటి శాస్త్రమును దన త్రోవను దాను నడచి, మనుష్యులందఱిది యొక్క జాతియే యని చెప్పుచున్నది.

కావున ఉపాధ్యాయులారా, ఆ కొలత పరికరములను దాచవలదు. పొరపాటు ఎట్లు శాస్త్రపు వేషము వేసెనో వ్రాసి పిల్లలకు జూపుడు. సుగాలి పావడకు అద్దములు కుట్టిన నేర్పును మెచ్చుడు. కుట్టిన చేతి పేరు వ్రాయుడు. మనకు జేరువనే బళ్ళారిలో ఫుట్ పేరిట సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాల వెలసినది. పిల్లలను దోడ్కొనిపోయి చూపుడు.

ఆ బాలుడు నేడెచ్చట నున్నాడో! వినుచున్నచో నా మాట యిది: నాయనా, ఆ ప్రతిమను అచ్చట నుంచుట తప్పు. నీ యవ్వయు, నా యవ్వయు, ఆ కొలతలు దీసిన దొర యవ్వయు నొక్క వంశమువారే.