రాయలసీమ కరువులు: ఎదుర్కొన్న తీరుల చరిత్ర

కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు పాత జిల్లాలతో కూడిన రాయలసీమ దక్షిణ భారతంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. వాన లేక పంట పోవడం, వచ్చిన వాన అదును తప్పి రావడం, ఎప్పుడో ఒక తుఫానుకు చెరువులు తెగిపోవడం ఇక్కడి జనానికి తరతరాలుగా తెలిసిన కష్టాలే. వీటిని తట్టుకోవడానికి రైతులు, రాజులు, ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు వేర్వేరు కాలాల్లో చేసిన ఏర్పాట్ల చరిత్రే ఈ వ్యాసం. విజయనగర కాలం నాటి చెరువుల నుంచి 2006లో బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ, ఇటీవలి వరదల దాకా ఈ చరిత్ర సాగుతుంది.

వాతావరణం

నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటి వచ్చేసరికి వాటిలో తేమ చాలావరకు అయిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు, వాటితో వచ్చే బంగాళాఖాతం తుఫానులు కోస్తాను తడిపినంతగా సీమ లోపలి భాగాలను తడపవు. రెండు రుతుపవనాలకూ దూరమైన అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదీ క్రమంగా పడదు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పదును చూసి విత్తనం వేస్తే, పైరు పూతకొచ్చే వేళకు వారాల తరబడి చినుకు ఉండదు. కోత నాటికి ఒక్కోసారి ముసురు పట్టుకుంటుంది. అందుకే ఏడాది మొత్తం వాన లెక్క ప్రకారం సరిపోయిందని తేలిన సంవత్సరంలో కూడా పంట దక్కకపోవచ్చు. కడప, చిత్తూరు జిల్లాల తూర్పు భాగాలకు మాత్రం అక్టోబరు, నవంబరు తుఫాను వానలే చెరువులు నింపే ఆధారం. ఆ వానలు మితిమీరితే ఆ చెరువుల కట్టలే తెగుతాయి.

చెరువులు

విజయనగర పాలకులు, వారి మంత్రులు, సామంతులు, దాతలు వాగులకు అడ్డంగా కట్టలు వేసి చెరువులు తవ్వించారు. గుండ్లకమ్మ మీద కంభం చెరువు, పండమేరు మీద అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు వీటిలో పేరున్నవి. కడప జిల్లా పోరుమామిళ్ళలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలే వంద బండ్లు రెండేళ్ళు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని అందులో రాసి ఉంది. చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను కూడా ఆ శాసనం వివరించింది. ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం ఎరిగినవాడు, గట్టి నేల, తీపి నీటి నది, దృఢమైన రాతికట్ట, నేర్పరులైన పనివాళ్ళు ఉండాలి. కట్ట కారకూడదు, నేల చవుడు కాకూడదు, ఆయకట్టుకూ నీటికీ పొంతన తప్పకూడదు. ఇంజనీరింగ్ పాఠాన్ని రాతిమీద చెక్కి నిలిపిన అరుదైన సందర్భమిది.

చెరువు కట్టడంతో పని అయిపోదు. తూము తీసి మడిమడికీ నీళ్ళు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. పూడిక తీసి కట్ట బాగుచేసేవారికి దశబంధం అనే మాన్యాలు ఇచ్చేవారు. వరదకు కట్ట తెగుతుందన్న భయం జనజీవనంలో ఎంత లోతుగా ఉండేదో బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ చెబుతుంది. చెరువును కాపాడటానికి ఆమె ప్రాణత్యాగం చేసిందన్న ఆ స్థానిక గాథ కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యానికి ఆధారమైంది. చెరువు అందని చోట ఎద్దులతో కపిల తోలే బావులు, పెన్న వంటి నదుల ఇసుకలో తవ్విన ఊటకాలువలు పైరును కాపాడేవి.

పంటలు, పాతర్లు

మెట్ట రైతు ఒకే పంటను నమ్ముకునేవాడు కాదు. జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక, సామ వంటి ధాన్యాల మధ్య కంది, అలసంద, ఆముదం సాళ్ళు వేసేవాడు. ఒకటి ఎండితే మరొకటి చేతికొచ్చేది. ముందు వానలు మోసం చేస్తే వెనక వానలకు ఉలవ చల్లేవాడు. తిండికి, పశువుల మేతకు రెండింటికీ అది అక్కరకొచ్చేది. విత్తిన తర్వాత గుంటకతో పైమట్టిని కదిలించి తేమ ఆరిపోకుండా చూసుకునేవాడు.

బాగా పండిన ఏడాది జొన్నలు పాతర్లో పోసేవారు. గట్టి నేల చూసి లోతుగా గొయ్యి తవ్వి, అడుగున, చుట్టూ చొప్ప, గడ్డి దట్టంగా పరిచి, గింజలు నింపి, పైన మట్టితో మూసేవారు. తేమ తగలని పాతర్లో గింజ కొన్నేళ్ళు నిలిచేది. తెరిచినప్పుడు లోపలి విషవాయువు పోయేదాకా ఆగి, దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. పశువులను కాపాడుకోవడానికి కరువు ఏళ్ళలో మందలను నల్లమల అడవులకు తోలేవారు. వాన కోసం కప్పతల్లి ఆటలు, బండమీద పోసిన పాయసాన్ని నాకే వరదపాశం, విరాటపర్వ పఠనం ఊరంతా కలిసి చేసేవారు.

కంపెనీ పాలన

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలుగా పేరుపడిన ఈ ప్రాంతానికి థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పనిచేశాడు. రైతు పేరనే భూమి కొలిచి శిస్తు కట్టే రైతువారీ పద్ధతిని ఇక్కడ నెలకొల్పాడు. శిస్తు భారం ఎక్కువగా ఉందనీ, నాలుగో వంతు తగ్గించాలనీ ఆయన సిఫారసు చేసినా, 1820లో తానే మద్రాసు గవర్నరుగా వచ్చాకే అది అమలుకు నోచుకుంది. పంట పోయినా శిస్తు డబ్బు రూపంలో కట్టవలసి రావడంతో రైతు పాతర గింజలను అమ్ముకోవలసి వచ్చింది. చెరువుల మరమ్మతు ఊరి చేతి నుంచి సర్కారు చేతికి పోయి, పూడిక పేరుకుంది. 1851 తుఫానుకు దత్తమండలాల్లోని బళ్ళారి జిల్లాలో చాలా చెరువులు దెబ్బతిన్నాయి. 1853–54లో కరువు వచ్చింది. 1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి సొంత ధాన్యంతో వేలమందికి గంజి పోయించి జనం పాటల్లో నిలిచాడు.

ధాత కరువు

1876లో రెండు రుతుపవనాలూ ముఖం చాటేయడంతో వచ్చిన కరువును ఆ ఏటి పేరుతో ధాత కరువు అంటారు. 1878 దాకా సాగిన ఈ కరువు మద్రాసు రాష్ట్రంలో చాలా భాగాన్ని, మైసూరును, దక్కను భాగాలను కబళించింది. దేశంలో చనిపోయినవారు 50 లక్షలకు పైనేనని చరిత్రకారుల అంచనా. 1871, 1881 జనాభా లెక్కలను పోలిస్తే కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. అదే కాలంలో దేశం నుంచి గోధుమలు ఓడల్లో ఎగుమతి అవుతూనే ఉన్నాయి.

సర్కారు రోడ్లు వేయించి, కంకర కొట్టించి, ఆ పనికి కూలి ఇచ్చింది. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి ఎదిగిన మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. మద్రాసు ఆరోగ్య కమిషనరు విలియం కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. పనిచేసే మనిషి ఆ తిండితో బతకలేడని వాదించాడు. 1877లోనే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే వేలమంది శరీరాలు చిక్కి, కలరాకు, మశూచికి బలైపోయారు. పశువులకు మేత లేక బ్రహ్మజెముడు ముళ్ళు కాల్చి పెట్టడం కూడా అప్పుడు ప్రయత్నించారు. ఈ కరువు వానలోటు వల్ల మొదలైంది, కానీ ఇంతమంది చావుకు కొనే శక్తి లేకపోవడం, పాలకుల పిసినారితనం కారణాలు.

కరువు నియమావళి

ఈ అనుభవం తర్వాత రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883 నుంచి కరువు నియమావళులు రూపొందాయి. కరువు సూచనలు ఎలా గుర్తించాలి, పరీక్ష పనులు ఎప్పుడు తెరవాలి, వృద్ధులకు, పిల్లలకు ఉచిత సాయం ఎలా అందించాలి అన్నవి వాటిలో ఉన్నాయి. పరీక్ష పనులకు ఎంతమంది జనం వస్తారో చూసి కరువు తీవ్రతను అంచనా వేసేవారు. ధాన్యం త్వరగా చేరడానికి గుంతకల్లు మీదుగా రైలు మార్గాలు వేశారు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి తవ్విన కర్నూలు–కడప కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. తర్వాతి కరువుల్లో చావులు తగ్గినా, బతుకు మాత్రం నిలబడలేదు. నియమావళి ఆకలి చావును ఆపే సాధనం; పంటను, పశువును కాపాడే సాధనం కాదు.

గంజి కేంద్రాల కాలం

1928లో నంద్యాల సభల్లో దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు వచ్చింది. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు మద్రాసులో కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక కృష్ణా, తుంగభద్ర నీళ్ళలో సీమకు ప్రాధాన్యం ఇవ్వాలని అంగీకరించింది. ఆ మాట నిలబెట్టుకోలేదన్న బాధ ఈనాటికీ సీమ రాజకీయాల్లో వినిపిస్తుంది.

1950 దశకం మొదట్లో వరసగా వానలు లేక మళ్ళీ కరువు వచ్చింది. ఊరూరా గంజి కేంద్రాలు తెరిచారు. సైన్యం వచ్చి బావులు లోతు చేసింది. 1952లో ప్రధాని నెహ్రూ కరువు ప్రాంతాల్లో పర్యటించారు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ ఈ నేల ఆకలినే కావ్యవస్తువు చేసుకుంది. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయింది. దాని ఎగువ కాలువ అనంతపురం జిల్లాకు కొంత ఊరటనిచ్చింది.

వేరుశనగ, బోర్లు, వలస

ఇరవయ్యో శతాబ్దంలో వేరుశనగ జొన్న, కొర్రల స్థానాన్ని ఆక్రమించింది. అనంతపురం దేశంలోనే పెద్ద వేరుశనగ జిల్లా అయింది. నగదు చేతికి రావడం, కట్టె పశువులకు మేత కావడం రైతును ఆకర్షించాయి. అయితే చిన్న చిన్న పంటల మధ్య పంచుకున్న నష్టభయమంతా ఒకే పంట మీద పడింది. ఊడలు దిగే సమయానికి వాన లేకపోతే కాయ ఊరదు. పీకే సమయానికి ముసురు పడితే గుత్తి రకాల్లో కాయ నేలలోనే మొలకెత్తుతుంది. కదిరి పరిశోధన కేంద్రం బెట్టను తట్టుకునే రకాలు రూపొందించి కొంత మేలు చేసింది.

కపిల బావులు ఎండి, బోర్లు వచ్చాయి. ఒక బోరులో నీళ్ళు పడకపోతే అప్పు తెచ్చి మరొకటి వేయడం, అదీ ఎండిపోవడం ఎన్నో కుటుంబాలు చితికిపోయేలా చేసింది. రైతుల ఆత్మహత్యలకు ఈ అప్పులూ ఒక కారణం. పని లేని ఊళ్ళు బెంగళూరుకు తరలాయి. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు పోవడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. పిల్లల చదువు ఆగిపోవడం ఈ వలసలో కనపడని నష్టం.

నేల, నీటి సంరక్షణ

1973–74లో మొదలైన కరువు పీడిత ప్రాంతాల పథకం అనంతపురం వంటి జిల్లాల్లో నేల, నీటి పనులు చేపట్టింది. 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ సూచనలతో వాటర్‌షెడ్ పనులకు దేశవ్యాప్త మార్గదర్శకాలు వచ్చాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని టింబక్టు కలెక్టివ్ గుట్టలపై చెట్లు, చెక్‌డ్యాములు, చిరుధాన్యాలను తిరిగి తెచ్చే పని చేశాయి. 2002లో నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం వచ్చింది. 2003 నుంచి సూక్ష్మసేద్య ప్రాజెక్టు ద్వారా బిందుసేద్యం విస్తరించి, చీనీ, మామిడి, దానిమ్మ తోటలు పెరిగాయి.

ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతు భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు ప్రత్యేకంగా చెప్పుకోదగింది. అందులో రైతులే ఊళ్ళో వర్షమాపకం చూసి, బావుల నీటిమట్టం కొలిచి, గోడమీద రాసేవారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీరు ఎంత, ఏ పంటకు ఎంత పడుతుంది అని లెక్క వేసుకునేవారు. వరి వేయాలా, శనగ వేయాలా అన్నది ఆ లెక్క చూసి ఎవరికి వారే తేల్చుకునేవారు. ఒకరు బోరు తోడితే పక్కవాడి బోరు ఎండుతుందన్న నిజం ఆ గోడమీది అంకెల్లో అందరికీ కనపడింది. పంట కుంటలు, రక్షక తడులు, వానకు ముందే నవధాన్యాలు విత్తే పద్ధతి ఇటీవలి ఏర్పాట్లు. శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోసే హంద్రీ–నీవా పథకం నీరు 2012లో అనంతపురం జిల్లా జీడిపల్లి జలాశయానికి చేరింది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. కరువు పనిని దయగా కాక హక్కుగా చట్టం గుర్తించింది. పూడిక తీత, పంట కుంటల తవ్వకం ఆ పనుల్లో చేరడంతో కూలి ఇచ్చిన పనే మరుసటి కరువుకు రక్షణ అయింది.

వరదలు

సీమ చరిత్రలో నీటి కొరతతో పాటు నీటి ఉధృతీ ఉంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ వరదలు కర్నూలును ముంచాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి దిగువ ఊళ్ళను తుడిచిపెట్టింది. కరువుకు సిద్ధపడ్డ ప్రాంతం వరదకూ సిద్ధపడాలనీ, గేట్ల నిర్వహణ, ముందస్తు హెచ్చరిక కూడా విపత్తు నివారణలో భాగమేననీ ఆ ఘటనలు రుజువు చేశాయి.

అంచనా

ఆరు శతాబ్దాల ఈ చరిత్రలో నిలిచిన ఏర్పాట్లకు ఒక పోలిక ఉంది. పడిన చోటే నీటిని ఆపడం, పంటలను కలిపి వేయడం, చెరువు బాధ్యత ఊరికి అప్పగించడం, కరువు రాకముందే పని, తిండి, మేత సిద్ధం చేయడం ఫలితమిచ్చాయి. ఒకే పంటను, ఒకే బోరును, ఒకే ప్రాజెక్టును నమ్మినప్పుడల్లా కష్టం తిరిగొచ్చింది. కాలువ నీటికోసం సీమ అడిగే న్యాయమైన వాటా తీరాలి. అది తీరేలోగానూ, తీరిన తర్వాతా చెరువుల పూడిక తీయడం, కట్టలు కాపాడటం ఆగకూడదు. వాన రాకను మనిషి శాసించలేడు. కానీ వాన తప్పిన ఏడాది ఏ ఇల్లూ ఆకలితో వలస పోకుండా చూడటం ప్రభుత్వాల, ఊళ్ళ చేతిలో ఉన్న పనే.