సీరియల్ కన్సోల్: టెలిటైప్ నుంచి వర్చువల్ మెషీన్ వరకు

విద్యార్థులారా, దూరాన ఉన్న యంత్రంతో పని చేయించడం ఇంటర్నెట్‌తోనే మొదలైందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. 1940 సెప్టెంబరులోనే జార్జ్ స్టిబిట్జ్ అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో టెలిటైప్ మీద లెక్కలు పంపి, న్యూయార్క్‌లోని బెల్ ల్యాబ్స్ గణన యంత్రం నుంచి జవాబులు తెప్పించారు. టెలిటైప్ ఒక అక్షరంలోని బిట్లన్నిటినీ ఒక్కసారిగా పంపదు. ఒకదాని వెనుక ఒకటిగా తీగ మీదికి వదులుతుంది. ‘సీరియల్’ అంటే ఇదే. 1960లో వచ్చిన ఆర్‌ఎస్-232 ప్రమాణం సీరియల్ తీగకు స్థిరమైన రూపమిచ్చింది. టెలిటైప్‌లు మూలపడినా పేరు మాత్రం పోలేదు. యూనిక్స్, లినక్స్‌లలో టెర్మినల్ నేటికీ ‘టీటీవై’యే!

1972లో ఐబీఎం వీఎం/370ని ప్రకటించింది. ఒకే కంప్యూటర్‌లో అనేక వర్చువల్ మెషీన్లు. ఎవరి టెర్మినల్ వారి మెషీన్‌కు కన్సోల్. 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ విడుదల చేసిన క్యూఈఎంయూ సీరియల్ చిప్‌ను కూడా సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరిస్తుంది. లోపలి వ్యవస్థ నిజంగా తీగ ఉందనుకొని అక్షరాలు పంపుతుంది. మనం కోరితే అవి టీసీపీ పోర్టుకు చేరతాయి. అక్కడికి టెల్నెట్‌తో కలిస్తే చాలు.

ఇంత పాత పద్ధతి ఎందుకంటారా? వర్చువల్ మెషీన్‌లో నెట్‌వర్క్ అమరిక చెడితే ఎస్‌ఎస్‌హెచ్‌తో దానిలోకి వెళ్లలేరు. సీరియల్ దారి హోస్ట్ కంప్యూటర్ గుండా పోతుంది కనుక తెరిచే ఉంటుంది. అయితే టెల్నెట్ పాస్‌వర్డ్‌ను దాచదు. దారిలో పొంచి ఉన్నవారు చదివేయగలరు. అందుచేత ఆ పోర్టును హోస్ట్ లోపలికే పరిమితం చేసి, ముందు ఎస్‌ఎస్‌హెచ్‌తో హోస్ట్‌లోకి వెళ్లి, అక్కడినుంచి కన్సోల్ తెరవాలి.