రోగిశయ్య నుండి బోధనపీఠమునకు

అనకాపల్లి ఉమ్మడి మద్రాసు రాష్ట్రములో నున్న దినములలో, 1946లో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు మద్రాసు విశ్వవిద్యాలయపు నర్సింగు పట్టవిద్య ఆరంభమయ్యెను. ఆ యేడే ఢిల్లీలోను నర్సింగు కళాశాల వెలసెను. అంతవరకు వార్డులలో నేర్చిన విద్యకు విశ్వవిద్యాలయ ప్రవేశము లభించెను. మరి బోధించువా రెవరు?

అమెరికాలో ఈ ప్రశ్న ముందే పుట్టినది. కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కళాశాలలో, ఆరితేరిన నర్సులకు బోధనము, నిర్వహణము నేర్పు తరగతి 1899లోనే ఏర్పడెను. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో నర్సుల అధిపతియైన అడిలైడ్ నట్టింగు 1907లో అచటికి వచ్చి, ప్రపంచమున నర్సింగునకు తొలి ఆచార్యురాలయ్యెను. మన దేశమున 1959లో ఢిల్లీ కళాశాల స్నాతకోత్తర విద్యను నెలకొల్పెను.

నొప్పి తెలియకుండ సూది వేయుట ఒక నేర్పు. ఆ నేర్పును మాటలలో పెట్టుట వేరొక విద్య. వార్డులో పెద్దదిక్కయిన నర్సు తరగతిలో క్రొత్త మనిషి. ఆమెకు పాఠము సిద్ధపరచుకొను వ్యవధి, అనుభవజ్ఞుల తోడు, వార్డుతో తెగని సంబంధము కావలెను. 2022లో జిల్లా కేంద్రమైన అనకాపల్లి నుండి నర్సింగు చదువునకు పోవు పిల్లల భాగ్యము, వారి ఉపాధ్యాయినికి లభించు ఈ ఆదరణపై నున్నదని మేము తలంతుము.