ఇజీనారం కిటికీలు, హారన్ల గోల

విజయనగరం కోట కట్టింది 1713లో. ఆ చుట్టుపక్కల పాత పెంకుటిళ్ళ కిటికీలు చూశారా? ఇనప చువ్వలు, చెక్క రెక్కలు. అద్దాలు అరుదు. అవి గాలి కోసం పెట్టినవి. అప్పట్లో వీధిలో ఎడ్లబండ్ల చప్పుడే ఎక్కువ. 1890లలో రైలొచ్చింది, ఆ తర్వాత బస్సులు, ఆటోలు. 2000 నాటి నియమాల ప్రకారం ఇళ్ళ మధ్య రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదు. హారన్‌కి ఆ సంగతి తెలీదు కదా!

గోల భరించలేక కొందరు రెక్కలు పీకేసి అల్యూమినియం స్లైడింగులు పెట్టిస్తున్నారు. నా మటుకు నాకు ఇది దండగ. శబ్దం ముందు దూరేది సందుల్లోంచే, స్లైడింగుకి సందులెక్కువ. పాత రెక్కల అంచులకి రబ్బరు పట్టీ వేసి, లోపలివైపు నాలుగంగుళాల ఎడంతో ఇంకో అద్దం ఫ్రేము బిగిస్తే చాలా నయం. గోడలు మందం కాబట్టి చోటుకి కొదవలేదు. రీరైట్ వద్దు, ప్యాచ్ చాలు. పీకేసిన టేకు కిటికీకి బ్యాకప్ ఉండదు మరి!