చూరునీరు, పెరటిచెట్టు: మెట్టసీమ యింటి కథ

చింతలపూడి యను పేరులోనే యొక చెట్టున్నది. మన పల్లెల పేళ్ళలో అనేకము చెట్టుమీదనో చెఱువుమీదనో వెలసినవి. ఇల్లు కట్టుటకు ముందు నీడ యెక్కడ, నీరెక్కడ అని వెదకిన మనుష్యులు పెట్టుకొన్న పేళ్ళవి. నేడు క్రొత్త యిల్లు తలపెట్టినవారు గోడల రంగును, ముంగిట పరచు రాళ్ళను గూర్చి ముందుగా యోచింతురు. తోట మాట గృహప్రవేశమైన పిమ్మట వచ్చును. ఇల్లొకటి, తోట మరొకటి అను నీ తలపు మన సీమలో చాల క్రొత్తది. అది యెట్లు వచ్చెనో, దానితో వచ్చిన మేలేమో, పోయినదేమో కొంచెము విచారింతము.

ముందుగా నేల సంగతి. చింతలపూడి పశ్చిమ గోదావరి మెట్ట. నూజివీడు కృష్ణా మండలపు మెట్ట. 2022లో ఏలూరు జిల్లా యేర్పడినప్పుడు రెండును ఒక్క జిల్లాలోనికి వచ్చినవి గాని, మామిడితోటలు ఆ పొలిమేరను ఎన్నడును పాటించలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, కాలువలు పాఱి, దిగువసీమ వరిచేల సీమ యయ్యెను. ఆ నీరు మెట్టకు ఎక్కలేదు. ఇక్కడ నున్నది ఎఱ్ఱనేల, వానకు పొంగి వేసవికి ఇసుకయై మిగులు తమ్మిలేరు, చెఱువులు, నూతులు. డెల్టాలో ఇల్లు కట్టువాడు నీరు లోనికి రాకుండ అరుగెత్తు పెంచుకొనును. మెట్టలో ఇల్లు కట్టువాడు పడిన నీరు పోకుండ చూచుకొనవలెను. ఈ యొక్క భేదమును మనస్సున ఉంచుకొన్నచో తక్కిన కథ తేలికగా బోధపడును.

చింతలపూడినుండి కామవరపుకోట వైపు పోయినచో జీలకఱ్ఱగూడెము చెంత గుంటుపల్లి కొండ వచ్చును. క్రీస్తుకు పూర్వము రెండవ, ఒకటవ శతాబ్దులనాటి బౌద్ధ భిక్షువుల గుహలు అచట కలవు. వానిలో ఒకటి గుండ్రని చైత్యము. నడుమ స్తూపము, చుట్టును ప్రదక్షిణమునకు దారి. లోనికి పోయి తల యెత్తి చూచినచో రాతికప్పునకు వాసములు కనబడును. నాలుగు వైపులనుండి లేచి నడినెత్తిన కలియునట్లు వానిని తొలిచినారు. కొండను తొలిచిన గదికి వాసములతో పని యేమి? కప్పును మోయునది కొండయే గదా! కాని ఆ శిల్పి కన్నులలో ఇల్లనగా పూరియిల్లే. కఱ్ఱ, గడ్డి కాలగతిని పోయినను, రెండువేల యేండ్లకు పూర్వపు మన గుడిసె రూపు ఆ రాతిలో నిలిచియున్నది. బీహారులోని బరాబరు కొండగుహలలోను ఇట్టి పూరింటి పోలికయే కలదు. శిల్పశాస్త్రములను విప్పుటకు ముందు మన గృహచరిత్రకారులు ఆ కొండ యెక్కి రావలెనని మా మనవి.

గుండ్రని గుడిసె నలుచదరమై, గడ్డి తాటాకై, తాటాకు పెంకై, కలవారి యిండ్లు మండువా లోగిళ్ళయ్యెను. గోదావరి, కృష్ణా మండలములలో ఈ లోగిళ్ళు కొన్ని నేటికిని మిగిలియున్నవి. వీధివైపు అరుగులు, అరుగుల మీదుగా ద్వారము, ద్వారము దాటగనే చావడి, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, దాని నాలుగు ప్రక్కల వసారాలు, వసారాల వెనుక గదులు, అన్నింటికి వెనుక పెరడు. నాలుగు వైపుల పెంకుకప్పులును లోపలికి వాలియుండును. వాన కురిసినప్పుడు నాలుగు చూరులనుండియు నీరు మండువాలోనికి ధారలుగా పడును. ఇంటి ఆడువారు చూరుక్రింద గంగాళములు, గుండిగలు పెట్టి నీరు పట్టుకొనెడివారు. మిగిలిన నీరు నేలక్రింది తూముగుండ పెరటిలోనికి పోవును. అచట మొదట అరటిబోదెలు, పిమ్మట కరివేప, మునగ, నిమ్మ, ఆ వెనుక కొబ్బరి, ప్రహరీ చెంత మామిడి. స్నానపుదొడ్డి నీరును ఆ దారినే పాఱును. ఏ చెట్టు ఎక్కడ నుండవలెనో నిర్ణయించినది అందము కాదు, నీటివాలు. నుయ్యి పెరటిలోనే యుండుటచేత చెట్లు త్రాగగా మిగిలిన నీరు నేలలోనికి ఇంకి మరల నూతిని చేరుటకు వీలుండెను. బీరపాదు, చిక్కుడుపాదు పందిళ్ళు పడమటి గోడకు ఎండ తగులకుండ కాచెడివి. ఇల్లు తోటకు నీరిచ్చెను, తోట ఇంటికి నీడనిచ్చెను.

ఈ యుపాయము మనకొక్కరికే తోచినది కాదు. రోమనుల యిండ్లలోను నడుమ కప్పు తెరచి, వాననీరు పడుటకు క్రింద రాతితొట్టి కట్టెడివారు. క్రీస్తుశకము 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిన పాంపేయి నగరమున అట్టి యిండ్లు బయటపడినవి. కేరళమున నాలుకెట్టు అనబడు ఇల్లును ఇట్టిదే. ఎండయు వానయు మెండుగా నున్న చోట్ల మనుష్యునకు ఒకే విధమైన తెలివి పుట్టును కాబోలు.

అయినను మండువాను తలచుకొని కన్నీరు పెట్టుట మాకు సమ్మతము కాదు. ఆ గదులు చీకటి గదులు. కిటికీ యున్నచో అది జానెడు. వంటింటిలో పొగగొట్టము లేని పొయ్యిముందు స్త్రీల కన్నులు మండి, వయస్సు మీఱకముందే చూపు మందగించిన యిండ్లను మేమెఱుగుదుము. చావడిలో కూర్చుండదగిన వారెవరో, అరుగుమీదనే నిలువవలసిన వారెవరో, అరుగు కూడ ఎక్కరాని వారెవరో ఆ గడపలే నిర్ణయించినవి. నూజివీడు మొదలగు జమీందారీల యేలుబడి 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో ముగిసినది గాని, గడపలు అంత తొందరగా అఱుగలేదు. అన్నింటికంటె ముఖ్యమైన మాట: ఊరిలో పదిమందికి లోగిలి యున్నచో నూఱుమందికి తాటాకు పాక. వేసవిలో ఒక్క నిప్పురవ్వ పేట నంతను బూడిద చేసెడిది. తోట యను మాట వారికి పెరటిలోని మునగచెట్టు, పాకమీదికి ప్రాకించిన ఆనపపాదు. కాని ఆ పాదు సంగతి కొంచెము ఆలోచింపుడు. కప్పుమీద పచ్చదనము పెంచి లోపల చల్లదనము తెచ్చుకొనుట నేటి నగరములలో వెలకట్టి చేయు నవీన విద్య. పాకలోని పేదరాలు దానిని కాయకొఱకు చేసినది.

పెరడు మాత్రము ఎన్నడును మార్పెఱుగనిదని తలపరాదు. మన పెరటిలో అచ్చముగా మనదనుకొనునది సగము పరదేశపు సొమ్ము. జామ, బొప్పాయి, సీతాఫలము, మిరప, సంక్రాంతి గొబ్బెమ్మలపై నిలుపు బంతిపువ్వు, ఇవన్నియు అమెరికా ఖండమునుండి ఓడలమీద వచ్చినవే. చింతలపూడి మెట్టలో విరివిగా పెరుగు జీడిమామిడి బ్రెజిలు దేశపుది. గోడలమీద ఎఱ్ఱగా విరియు కాగితపుపూలును అచటివే. వచ్చిన దానిని నిలుపుకొనుట మన నేలకు కొత్త గాదు. మామిడి యొక్కటి మనది. దానిలోను రెండు తెగలు. చిన్నరసము, పెద్దరసము మొదలగునవి పిండుకొని జుఱ్ఱుకొనునవి. బంగినపల్లి కోసుకొని తినునది. కలెక్టరు, అనగా తోతాపురి, పచ్చిగను పండుగను పనికివచ్చునది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. పూర్వము పెరటిలో టెంక పాతి ఏండ్లతరబడి ఎదురుచూచెడివారు. చెట్టు మహావృక్షమై ఇంటిని మించెడిది. అంటుమొక్క నాలుగైదేండ్లకే కాపునకు వచ్చును, అంతగా ఎదుగదు. ఇరుకు స్థలముగల నేటి గృహస్థునకు దీనికి మించిన వరము లేదు. అయినను అతడు మామిడిని మాని, పండు నీయని, నీడ నీయని చెట్టును తెచ్చి గేటువద్ద నిలుపుచున్నాడు. కారణము చరిత్రలోనే యున్నది.

ఆ చరిత్ర పేరు బంగళా. బంగాళదేశపు పూరియింటి పేరును, పోలికను తీసికొని ఇంగ్లీషువారు తమ యుద్యోగులకు కట్టించిన ఇల్లది. మండువా లోపలికి చూచును. బంగళా వెలుపలికి చూచును. చుట్టును ఆవరణ, నడుమ ఇల్లు, ముందు వరండా, వరండా మెట్లమీద కుండీలలో తూర్పుదీవులనుండి వచ్చిన క్రోటను మొక్కలు. వంటిల్లు వెనుకకు పోయెను. దానితో కూర తోటయు వెనుకకు పోయెను. ముందున్నది చూచుటకు తోట, వెనుకనున్నది తినుటకు తోట అను విభజన మనకు అచటినుండి వచ్చినదని మా యభిప్రాయము. 1865లో మంగుళూరున బాసెలు మిషనువారు పెంకుల కర్మాగారము పెట్టిరి. ఆ యంత్రపు పెంకు ఊరి కుమ్మరి చేసిన గూనపెంకును క్రమముగా తొలగించెను. మనవారు దానికి బంగళాపెంకు అని పేరు పెట్టుటలోనే దాని గౌరవము తెలియుచున్నది. న్యాయముగా చెప్పవలెనన్నచో అది మంచి పెంకు. తేలిక, కోతులు త్రొక్కినను గూనపెంకువలె చెదరదు, సందులగుండ వేడిగాలి పైకి పోవును.

పిమ్మట సిమెంటు వచ్చెను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో వేలమంది ప్రాణములు పోయినవి. తీరమున పాకలు, పెంకుటిండ్లు ఆనవాలు లేకుండ కొట్టుకొనిపోయినవి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ యేర్పడి, పేదలకు పక్కా యిండ్లు కట్టించు పని పెద్దయెత్తున సాగినది. తరతరములుగా నిప్పుకును గాలికిని వెఱచుచు బ్రదికినవానికి కాంక్రీటు శ్లాబు విముక్తి. దానిని వెక్కిరించు అధికారము మండువాలో పుట్టి పెరిగిన మావంటివారికి లేదు. కాని శ్లాబు పగలంత ఎండను త్రాగి రాత్రియంత క్రిందికి విడుచును. పైనబడిన వానను గొట్టముగుండ వీధిలోనికి పంపును. వీధినుండి అది మురుగుకాలువకు, కాలువనుండి తమ్మిలేటికి, తుదకు కొల్లేటికి పోవును. మన యింటిమీద పడిన నీరు మన చెట్టును చూడకయే పోవుచున్నది.

ఇక మా సొంత తప్పిదమును చెప్పుకొనవలెను. మా తాతల యిల్లు మెట్టలోనే. ముప్పదియేండ్ల క్రిందట మేము దాని మండువాను మూయించితిమి. దొంగల భయము, వానజల్లు, ఆకుల చెత్త, ఇవి మేము చెప్పుకొన్న కారణములు. నిజమునకు పొరుగువారి హాలు మా కంటబడుటయే కారణము. మేస్త్రి పది దినములలో శ్లాబు పోసెను. తూము పనిలేనిదై మట్టితో పూడినది. మొదటి వేసవికే నడిమి గదిలో పగలును దీపము వేయవలసి వచ్చెను. రెండవ వేసవికి పంకాలు చాలవయ్యెను. పెరటి అరటులు ఎండిన పిమ్మటగాని, అవి దేని నీటితో బ్రదికినవో మాకు తెలియలేదు. నూతినీరు తగ్గి, బోరు వేయించితిమి. చుట్టుపట్ల తోటలకును బోర్లే. నూతులు తగ్గుటకు మా శ్లాబొక్కటే కారణమని మేమనము. కాని మావంతు నీటిని మేము వీధిపాలు చేసిన మాట నిజము.

ఎంత నీరో లెక్క వేసిన యెడల ఆశ్చర్యము కలుగును. చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు. నూఱు చదరపు మీటర్ల కప్పుమీద ఏడాదికి వేయి మిల్లీమీటర్లు కురిసినచో లక్ష లీటర్లు! ఆవిరికిని తడికిని కొంత తీసివేసినను పెరడంత తడియును. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము కొత్త యిండ్లకు ఇంకుడుగుంతలు ఉండవలెనని పట్టుబట్టుచున్నది. తూము పని చేసినంత కాలము చట్టముతో పని లేకపోయెను.

మండువాను యథాతథముగా మరల కట్టుడని మేము చెప్పుట లేదు. అంత కలప లేదు, అంత కుటుంబము లేదు, అంత స్థలమును లేదు. స్థలము లేదను మాటకు మాత్రము సింహళమున ఒక సమాధానమున్నది. కొలంబో నగరమున ఇరుకైన స్థలములో ఎనా డిసిల్వా యను కళాకారిణికొఱకు జెఫ్రీ బావా యను వాస్తుశిల్పి 1960, 1962 నడుమ ఇల్లు కట్టెను. వీధికి గోడ, లోపల పెద్ద ముంగిలి, దానిచుట్టు నీడగల వసారాలు, నడుమ చెట్టు. నవీనులందఱు దానిని నవీనమనిరి; మన మెట్టసీమ అవ్వ చూచినచో తన యిల్లే ననును. నాలుగు బారల చదరము చాలును: పైన ఇనుప ఊచలు, దొంగల భయము తీరును, క్రింద వాలుగా గచ్చు, గచ్చు చివర తూము, తూము చివర ఇంకుడుగుంత, దాని ప్రక్క అరటి. పడమటి గోడకు పందిరి. కిటికీలు మాత్రము తాతలవలె గాక, నిలువెత్తుగా ఎదురెదురుగా పెట్టవలెను. కడియము నర్సరీలలో ఏ మొక్కయైనను దొరకును. అచటికి పోయి పచ్చికచాపలు మోసికొని వచ్చువారిని చూచినప్పుడు మాకు నవ్వు వచ్చును. దప్పికగొన్న మెట్టలో పచ్చికబయలు పెంచుట అద్దెయింటిలో ఏనుగును కట్టుటయే.

నిరుటి శ్రావణమునకు ముందు మా నడిమి గది శ్లాబులో రెండు మంచముల మేర కోయించి ఊచలు వేయించితిమి. ఇంటివారిలో కొందఱు నేటికిని మాతో సరిగా మాటలాడుట లేదు, ఆకులు ఊడ్చుపని వారిమీద పడినది గనుక. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. ప్రొద్దుటి చీపురు ఇప్పుడు మా వంతు. త్రవ్వించి చూడగా తూము చెక్కుచెదరలేదు. లోపల మా మేనత్తల కాలపు ఇత్తడి చెంబొకటి దొరికినది. అరటిపిలకలు నాలుగు నాటితిమి. మొదటి వానకు నీరు తూమున పడి పెరటివైపు పాఱుచుండగా చూచుటకు ఇరుగుపొరుగు పిల్లలందఱు చేరిరి. నూతిలో నీరు ఎంత పెరిగినదో ఇంకను కొలువలేదు. గిలక త్రుప్పుపట్టి తిరుగుట లేదు, క్రొత్తది తేవలసియున్నది.